కోస్గిలో బతికి మోత్కూర్‌లో చచ్చే కార్డు

మోత్కూర్,
ఎండ బాగా ముదిరిన సోమవారం.

కాబోయే బావ, కోస్గి కంప్యూటర్ కొట్టు యజమాని దయాకర్ గారి సముఖానికి,

కాబోయే బామ్మర్ది సాయికిరణ్ నమస్కరించి రాయడమేమంటే, ఇక్కడ బాపు, అమ్మ, అవ్వ, శ్రీవాణి అక్క, నేను, రెండు మగ్గాలు క్షేమం. కార్డు మాత్రం క్షేమం కాదు.

ఈ ఉత్తరం కింద అట్టడబ్బాలో పడుకుని ఉన్నది నువ్వు పంపిన గరుడ కంపెనీ గ్రాఫిక్స్ కార్డే. కంప్యూటర్‌లో బొమ్మలు గీసే పని దీనిదేననీ, దీన్ని మించింది భూమ్మీద లేదనీ పూలుపండ్లు ఇచ్చుకుని సంబంధం ఖాయం చేసుకున్న నాడు మా అరుగు మీద కూర్చుని నువ్వన్న మాట మా వీధంతా విన్నది. మాట ఇంకా నిలబడే ఉంది. కార్డే పడిపోయింది.

అక్క పెళ్లిచీర నేయకముందే, అది కట్టుకున్న మనిషి మీద అంచు ఎట్లా పడుతుందో, కొంగు ఎట్లా జారుతుందో కంప్యూటర్‌లో చూపిస్తానని బాపుకు చెప్పాను. గళ్ల కాగితం, పెన్సిలు తప్ప మూడో పనిముట్టును నమ్మని మనిషి ఆయన. "సూపియ్యి సూస్త. నచ్చితేనే నూలుకు కట్లు కడ్త" అన్నాడు. అక్కడికి అదే పెద్ద వరం. బొమ్మ ప్రకారం నూలుకు కట్లు కట్టి, రంగులద్దాకే కదా మగ్గమెక్కించేది. శ్రావణంలో పెళ్లి. బొమ్మ తేలకపోతే నూలు కట్టడం లేదు, నూలు కట్టకపోతే చీర లేదు.

అంత పెద్ద బొమ్మ తయారు కావడానికి ఒక పూట పడుతుంది. కాబట్టి మధ్యాహ్నం మిషన్‌ను పనిలో పెట్టి నేను పిల్లలకు ట్యూషన్ చెప్పడానికి పోతాను. వచ్చేసరికి తెర నల్లగా ఉంటుంది, మిషన్ నిద్రలో ఉంటుంది. పక్కన కూర్చున్నంతసేపు బుద్ధిగా పనిచేస్తుంది, నేను గడప దాటితే చాలు పని మానేస్తుంది. నా ట్యూషన్‌లో ఇదే గుణం ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, వాళ్లకు నువ్వు హామీ ఇవ్వలేదు.

నా వైపు నుంచి లోపం లేదు. మిషన్‌ను మగ్గాల గదిలో, ఇంట్లోకెల్లా చల్లటి జాగాలో పెట్టాను. ఎవరూ ముట్టొద్దని మొదటి రోజే చాటింపు వేశాను. బాపు అయితే "నీ డబ్బా మొకం గూడ సూడ పో" అని మగ్గం వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇవన్నీ ఫోన్లో చెప్పకూడదా అంటావేమో. మొన్న ఫోన్లో మనిద్దరం మాట మాట అనుకున్నాక అవ్వ ఇచ్చిన తీర్పు మర్చిపోయావా? "పెండ్లయ్యేదాంక ఫోన్లు బంద్. నోట్లకెల్లి జారింది మల్ల నోట్లకు రాదు. కాయిదం మీద రాస్తే పంపేముందు ఒకపారి సదువుకోవచ్చు." నువ్వే వచ్చి చూడొచ్చు కదా అంటే, పూలుపండ్లయ్యాక అల్లుడు పెళ్లిదాకా గడప తొక్కకూడదన్నది కూడా అవ్వ చట్టమే. కాబట్టి మనకు మిగిలింది ఆర్టీసీ కార్గో, ఈ అట్టడబ్బా.

ఇట్లు,
నీ హామీని నమ్మిన
సాయికిరణ్

తా.క.: బస్టాండ్లో పార్సిళ్లు తీసుకునే ఐలేశమన్న డబ్బాలో ఏముందని అడిగాడు. పెళ్లికొడుకు ఇచ్చిన కార్డు, తిరిగి పంపుతున్నామని చెప్పాను. "పెండ్లి గాకముందే వాపసా?" అని డబ్బాను రెండు చేతులతో తీసుకున్నాడు.

* * *

కోస్గి,
శుక్రవారం.

చిరంజీవి సాయికిరణ్‌కు దయాకర్ దీవించి రాయునది.

ఇక్కడ అందరం కులాసా. మీ కార్డు అందరికంటే కులాసా.

నవ్వులాట కాదు. డబ్బా విప్పి కొట్టులో మిషన్‌కు తగిలించాను. పొద్దున మొదలుపెడితే షట్టర్ దించేదాకా ఆగలేదు. ఎంత బరువైన ఆట పెట్టినా గీస్తూనే ఉంది. కొట్టుకు వచ్చిన పిల్లలు ఇండ్లకు పోమంటే పోలేదు. నీ దగ్గర చచ్చిందంటున్న కార్డు నా దగ్గర ఈత కొడుతోంది.

గరుడ అంటే ఏమిటో నీకు తెలియదు బామ్మర్దీ. నేను కొట్టు పెట్టిన కొత్తలో పైకప్పు కారి నా మొదటి గరుడ కార్డు మీద వానంతా పడింది. తుడిచి ఎండలో పెడితే లేచి కూర్చుంది. ఆ రోజు నుంచి ఇంకో కంపెనీ డబ్బా నా కొట్టు గడప తొక్కలేదు. కోస్గిలో జనం పార్టీలు మారారు, నెట్‌వర్కులు మారారు. నేను మారలేదు.

కాకపోతే ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. కార్డుకు నూనె వాసన వస్తోంది. మగ్గానికి పెట్టినట్టు దీని ఫ్యాన్‌కు గానీ ఎవరైనా నూనె పెట్టారా? పెడితే చెప్పండి, ఏమీ అనను.

తుడిచి తిరిగి పంపుతున్నాను. జాగ్రత్త ఒక్కటే: ఎక్కువ పని చెబితే వేడెక్కుతుంది. దాన్ని చల్లగా ఉంచాలి.

ఇట్లు,
దయాకర్

తా.క.: మీ అక్కను అడిగినట్టు చెప్పు. కార్డు సంగతిగా కాదు, మామూలుగా.

* * *

మోత్కూర్,
ఆ తర్వాతి బుధవారం.

గరుడ భక్తాగ్రేసరులైన బావగారికి,

సాయికిరణ్ వినయపూర్వకంగా రాయునది. ముందుగా ఒక హెచ్చరిక. మా ఇంటికి వచ్చిన ఉత్తరం ఎవరి పేరు మీద వచ్చినా, అందరి ముందూ గట్టిగా చదవాలి. అవ్వ చిన్నప్పటి నుంచీ అదే ఆచారం. "మామూలుగా" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి అక్క నీళ్లు తెస్తానని లేచింది. బిందె నిండుగానే ఉంది.

నూనె సంగతి చదవగానే అమ్మ ముఖం మారింది. సుగుణమ్మ ఇల్లు అద్దమని మోత్కూర్‌లో పేరు. "నా ఇంట్లకెల్లి పోయినదానికి నూనె కంపా? గాయినె కొట్టు పక్కన మిర్చి బజ్జీల బండి ఉండొచ్చు, అడుగు" అంది. సరే, న్యాయం జరగాలి కదా అని కార్డును పళ్లెంలో పెట్టి అందరికీ తిప్పాను. అమ్మ వాసన చూసింది, అవ్వ చూసింది, అక్క చూసింది, నేను చూశాను. బాపు తల రుమాలు సర్దుకుని, కళ్లు మూసుకుని, రెండు ముక్కుపుటాలతోనూ చూశాడు. ఏ వాసనా లేదని ఏకగ్రీవంగా తీర్మానించాము.

"దాన్ని చల్లగా ఉంచాలి" అన్న వాక్యం మాత్రం బాపు రెండోసారి చదివించుకున్నాడు. నీ మాట మీద గౌరవం కొద్దీ కాబోలు.

ఇక కార్డు విషయం. తగిలించాను, పనిలో పెట్టాను, ట్యూషన్‌కు పోయాను. ఈసారి ఇంకా తొందరగా పడిపోయింది. అంచు వచ్చింది, కొంగు రాలేదు. తెర మీద అక్క చీర సగం కట్టుకుని ఆగిపోయింది. అవ్వ చూసి లెంపలు వేసుకుంది.

బాపు ఏమన్నాడో రాయడం నాకిష్టం లేదు, రాయకపోతే కథ నడవదు. "ఇచ్చిన కార్డే నిలుస్తలేదు. ఇచ్చిన మాట నిలుస్తదా?" అన్నాడు. అని ఊరుకోలేదు. నల్లగొండలో విజేందర్ అని ఒకతను చిరుత కంపెనీ కార్డులు అమ్ముతాడు. మాకు దూరపు చుట్టం. నీకంటే ముందు అక్కను అడిగి, జాతకాలు కుదరక ఆగిన సంబంధం. "గా చిరుత ఎట్ల ఉంటదో" అని బాపు గాలిలోకి అడిగాడు. గాలి జవాబు చెప్పలేదు గానీ అక్క గిన్నెలు గట్టిగా పెట్టింది.

ఇట్లు,
రెండు కంపెనీల మధ్య నలుగుతున్న
సాయికిరణ్

తా.క.: ఐలేశమన్న డబ్బాను గుర్తుపట్టాడు. "మల్ల దవాఖానకేనా?" అన్నాడు.

* * *

కోస్గి,
ఆదివారం. కొట్టు మూసి రాస్తున్నాను.

సాయికిరణ్‌కు,

కార్డు అందింది. తగిలించాను. మళ్లీ పనిచేస్తోంది. మళ్లీ నూనె వాసన. మా కొట్టు పక్కన మిర్చి బజ్జీల బండి లేదు. ఉన్నది ఇస్రాయేలన్న టీ బండి. ఆయన కూడా వచ్చి వాసన చూసి, "ఇది టీ కాదు" అని చెప్పి పోయాడు.

ఇప్పుడు నేను ఒకటి అనుకుంటున్నాను. అనుకోకూడదు, కానీ అట్టడబ్బా రెండుసార్లు తిరిగి వచ్చాక మనిషి ఏదో ఒకటి అనుకుంటాడు. కోస్గిలో బతికి మోత్కూర్‌లో చచ్చే కార్డు ఈ లోకంలో ఉంటుందా? బస్సు దిగగానే ప్రాణం పోతుందా? మీకు నచ్చనిది కార్డా, నేనా? నేనే అయితే సూటిగా రాయండి. దాన్ని మధ్యలో పెట్టి రెండు జిల్లాలు తిప్పొద్దు, దానికి బస్సు పడదు.

చిరుత గురించి కూడా ఒక మాట. ఈ మధ్య కోస్గిలోనూ పిల్లలు చిరుత కావాలని అడుగుతున్నారు. నిరుడు నా దగ్గర గరుడ కొని దానికి పూలదండ వేసినవాళ్లే. ఒకడి కార్డు పాడైందట, వాడు పదిమందికి చెప్పాడట, ఆ పదిమందీ ఫోన్లో చూశారట, అంతే, గరుడ పాతబడింది. ముందు కార్డును అనుమానిస్తారు, తర్వాత కంపెనీని, ఆ తర్వాత కొట్టువాణ్ణి. మీ ఇంట్లో ఇప్పుడు ఎంతవరకు వచ్చిందో నాకు తెలియదు.

ఇదే నా చివరి ప్రయత్నం. డబ్బాలో ఉన్నది కొత్తది కాదు. నా సొంత మిషన్‌లో నుంచి తీసి పంపుతున్నాను. ఇన్నాళ్లుగా నన్ను ఒక్కసారి కూడా మోసం చేయని కార్డు. ఇది కూడా అక్కడ పడిపోతే, కారణం కార్డు కాదు.

ఇట్లు,
దయాకర్

తా.క.: ఈ ఉత్తరం కూడా గట్టిగా చదువుతావని తెలుసు. మామయ్యగారికి నమస్కారాలు. దాన్ని చల్లగా ఉంచండి.

* * *

మోత్కూర్,
ఎండ ఇంకా తగ్గని శనివారం.

బావకు,

సాయికిరణ్ తల దించుకుని రాయునది.

నీ సొంత కార్డు కూడా పడిపోయింది. అన్నిటికంటే తొందరగా. ఈసారి అంచు కూడా రాలేదు.

నేను నీ పక్షానే వాదించాను. కరెంటు లోపమన్నాను, ఎండ అన్నాను, గ్రహబలం అన్నాను. బాపు అంతా విని, "మనిషి మంచోడే. గాని సేతిల బరకత్ లేదు" అన్నాడు. నీ చేయి కలిసిరాదన్న ఆ మాట అన్నాక ఆయన కూడా సరిగ్గా అన్నం తినలేదు, అది కూడా రాయాలి.

మర్నాడు విజేందర్ చిరుత కార్డు తీసుకుని నల్లగొండ నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. నల్ల కళ్లద్దాలు తీయకుండానే కార్డు బిగించాడు. "గరుడ అంటే మన తాతల కాలం మాట, ఇప్పుడంతా చిరుతే" అన్నాడు. అతను కూర్చున్నంతసేపూ బొమ్మ చక్కగా కదిలింది. బాపు అతనికి గాజు గ్లాసులో చాయ్ ఇప్పించాడు. మా ఇంట్లో స్టీలు గ్లాసు చుట్టాలకు, గాజు గ్లాసు సంబంధాలకు. ఈ తేడా నీకు తెలుసు, పూలుపండ్ల నాడు నీకు ఇచ్చింది గాజు గ్లాసే.

వీధివాళ్లు వచ్చి చిరుతను చూసి పోయారు. నిన్నటిదాకా గరుడ డబ్బా మీద బొమ్మ చూసి దండం పెట్టిన బిక్షమ్మత్త ఈ రోజు "గరుడ ముందే అనుమానంగుండె" అంది. మన జనం ఎటు మొగ్గుతారో గాలికి కూడా ముందు తెలియదు.

నీ కార్డు జాగ్రత్తగా చుట్టి పంపుతున్నాను. నా మీద కోపం పెట్టుకోకు.

ఇట్లు,
సాయికిరణ్

తా.క.: అక్క నీకు చెప్పమని ఏమీ చెప్పలేదు. కానీ చిరుత అట్టడబ్బాను పొయ్యి కింద పెట్టి చాయ్ కాచింది.

* * *

కోస్గి.

సాయికిరణ్ తండ్రిగారు శ్రీయుత పరమేశ్వర్ గారికి, వారి కుటుంబ సభ్యులకు,

కోస్గి వాస్తవ్యుడు దయాకర్ తెలియజేయునది.

మీరు తిరిగి పంపిన కార్డు అందినది. పనిచేయుచున్నది. నూనె వాసన యథావిధిగా ఉన్నది.

మీ ఇంట ఎవరికి ఏ గ్లాసులో చాయ్ పోయుదురో అది మీ ఇష్టము. నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరం లేదని రాయడానికే ఇంత సేపు పట్టింది. నా తల వేడెక్కిపోయి ఉంది, కొట్టుకు వచ్చినవాళ్లతో కూడా సరిగా మాట్లాడలేకపోతున్నాను.

మీ నిర్ణయం ఏదో ఒక ముక్క రాసి పంపండి. మా నాయినకు చెప్పాలి.

డబ్బా ఖాళీగా పంపుతున్నాను. ఇక ఇంకో కార్డు పంపే ధైర్యం నాకు లేదు.

ఇట్లు,
దయాకర్

* * *

మోత్కూర్,
అదే ఎండ, మంగళవారం.

బాపును శ్రీయుతను చేసినా నాకింకా బావే అయిన దయాకర్‌కు,

సాయికిరణ్ రాయునది. నీ ఉత్తరం అందరి ముందూ చదివాను. "అభ్యంతరం లేదు" అన్న దగ్గర అక్క లేచి పోయింది. ఈసారి నీళ్లకని కూడా చెప్పలేదు.

వార్త ఏమిటంటే చిరుత కూడా చచ్చింది. విజేందర్ పోయిన మర్నాడే, నేను ట్యూషన్‌లో ఉండగా. ఫోన్ చేసి చెబితే, "మీ ఇంటి కరెంటు బాగాలేదు, మీ మిషన్ బాగాలేదు, మా కార్డును అనకండి, ఒకసారి అమ్మినంక వాపస్ లేదు" అన్నాడు. నువ్వైతే అన్నిసార్లు తిరిగి తీసుకున్నావు. ఈ మాట నేను కాదు, అమ్మ అంది. బాపు వినీ విననట్టు నూలు దువ్వుకున్నాడు.

ఇప్పుడు మా ఇల్లు ఏ కంపెనీనీ నమ్మని స్థితిలో ఉంది. గరుడ పోయింది, చిరుత పోయింది. అక్క చీర ఇంకా మబ్బులోనే ఉంది. బాపు గళ్ల కాగితం దులిపి బయటకు తీశాడు, కానీ గీయడం లేదు. ముందు పెట్టుకుని కూర్చుంటున్నాడు.

ఖాళీ డబ్బా ఖాళీగా తిరిగి పంపడం శుభం కాదని అవ్వ అందులో ఒకటి పెట్టింది. నీ ఉత్తరంలో ఆమె మనసుకు పట్టింది ఒకే మాట: తల వేడెక్కింది అన్నది. "అయ్యో, పిలగానికి తలకాయ ఉడుకుతాందంట" అని పెట్టె తెరిచి తన పుట్టింటివాళ్లు నేసిన తేలియా రుమాలు తీసింది. అవ్వది పుట్టపాక. అక్కడ నూలును ఆముదపు కాయల బూడిదలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి ఈ రుమాళ్లు నేస్తారు. ఎండలో తలకు చుట్టుకుంటే చల్లగా ఉంటుందని వాళ్ల నమ్మకం. మా ఇంట్లోనూ ఇవే వాడతాం. చుట్టుకో. పెద్దావిడ ఇచ్చింది.

ఇట్లు,
నీ బామ్మర్దినే, ఇప్పటికీ,
సాయికిరణ్

తా.క.: అవ్వ చెప్పమన్న మాట, ఉన్నదున్నట్టు: "ఫికర్ పడొద్దను. మనింట్ల ఏది ఉడుకెత్తినా గిదే మందు."

* * *

కోస్గి,
వెంటనే.

ఒరేయ్ సాయికిరణ్,

ఈ ఉత్తరం గట్టిగా చదవొద్దు. పక్కకు పోయి నీలో నువ్వు చదువుకో.

అవ్వ ఇచ్చింది కదా అని రుమాలు తలకు చుట్టుకుని కొట్టులో కూర్చున్నాను. ఇస్రాయేలన్న చాయ్ తెచ్చి, గడపలోనే ఆగి, ముక్కు ఎగబీల్చి అడిగాడు: "ఏం దయాకర్, మోత్కూర్ కార్డు మల్లొచ్చిందా?"

కార్డు రాలేదు కదన్నా అన్నాను. "మరి గదే వాసన" అన్నాడు.

రుమాలు తీసి వాసన చూశాను. కార్డు తీసి వాసన చూశాను. రుమాలు, కార్డు, మళ్లీ రుమాలు. చాయ్ చల్లారిపోయింది. బామ్మర్దీ, అది ఒకటే వాసన. మీ ఇంట్లో ఎవరికీ ఎందుకు తెలియలేదో ఇప్పుడు అర్థమైంది. ఆ వాసనలోనే పుట్టి పెరిగారు, ఇక కొత్తగా ఏం తెలుస్తుంది? పూలుపండ్ల నాడు మామయ్య కొత్త చొక్కాతో, రుమాలు లేని తలతో ఉన్నారు, నాకెట్లా తెలుస్తుంది?

అంతటితో ఆగలేదు. ఆ రుమాలును మడతపెట్టి నా మిషన్ మీద కప్పాను, గాలి పోయే కంతలన్నీ మూసుకునేట్టు. ఆట పెట్టాను. ఇస్రాయేలన్నతో ఇంకో చాయ్ తాగి వచ్చేసరికి తెర నల్లగా ఉంది. ముట్టుకుంటే చేయి కాలింది. రుమాలు తీసి చల్లారనిచ్చాను, లేచి కూర్చుంది. బస్సులో వచ్చేలోపు ప్రతి కార్డూ చేసింది అదే. చావడం కాదురా అది, ఊపిరాడక సొమ్మసిల్లడం.

అవ్వ మాట గుర్తుందా, ఏది ఉడుకెత్తినా ఇదే మందు అని? చల్లగా ఉంచాలని నేను రాసిన కొద్దీ ఆమె మందు పెంచింది. నువ్వు ట్యూషన్‌కు పోగానే కప్పుతోంది, వచ్చేలోపు తీస్తోంది. ముట్టొద్దని నువ్వే చాటింపు వేశావు కదా.

ఆమెను ఒక్క మాట అనొద్దు. నా మీద ఒట్టు. నన్ను ఇన్నాళ్లూ వేధించింది ఏ కంపెనీ కాదు, ఎవరి పగా కాదు, ఒక ముసలమ్మ ప్రేమ అని తెలిశాక నా తల నిజంగానే చల్లబడింది. అవ్వ మందు పనిచేసింది.

గరుడ కార్డు మళ్లీ పంపుతున్నాను. ట్యూషన్‌కు పోయినట్టే పోయి, చాటుగా కూర్చుని నీ కళ్లతో నువ్వే చూడు.

ఇట్లు,
బతికి బయటపడ్డ
నీ బావ దయాకర్

తా.క.: ఒక నేరం ఒప్పుకోవాలి. నా సొంత కార్డు మీకు పంపాక, గరుడ మీద నాకే నమ్మకం సడలి, నా మిషన్‌లో చిరుత పెట్టుకున్నాను. డబ్బాను బల్ల కింద దాచాను. రుమాలు కింద సొమ్మసిల్లింది అదే. ఈ ముక్క మాత్రం చించెయ్.

* * *

మోత్కూర్,
మొదటి వాన పడిన గురువారం.

బావకు, అక్షరాలా బావకు,

సాయికిరణ్ ఆనందంతో రాయునది. ఇక్కడ అందరం క్షేమం. కార్డు కూడా.

నువ్వు చెప్పినట్టే చేశాను. మిషన్‌ను పనిలో పెట్టి, ట్యూషన్‌కని చెప్పి, వీధి చుట్టి వెనక గుమ్మంలో నుంచి వచ్చి ఆసు వెనక దాక్కున్నాను. నూలు చుట్టే ఆ చట్రం వెనక నుంచి మగ్గాల గదంతా కనబడుతుంది. అవ్వ వస్తుందని చూస్తున్నాను. అవ్వ అరుగు మీద గురక పెడుతోంది. ఎంతకీ లేవదు.

మగ్గం ఆగింది. కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలో నుంచి బాపు లేచాడు.

నా డబ్బా ముఖం కూడా చూడనన్న మనిషి నేరుగా దాని దగ్గరికి వచ్చాడు. జ్వరమొచ్చిన పిల్లల నుదుటి మీద పెట్టినట్టు దాని మీద చేయి పెట్టాడు. "అయ్యో కొడుకా, కాలిపోతున్నవ్ గద" అన్నాడు. తన తల రుమాలు విప్పి, మడత పెట్టి, దాని మీద కప్పి, నాలుగు మూలలూ లోపలికి దోపాడు. అప్పటికీ తృప్తి లేక దండెం మీది ఇంకో రుమాలు తెచ్చి కప్పాడు. తర్వాత ముక్కాలిపీట మీద కూర్చుని దానితో మాట్లాడాడు. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను:

"జర ఓపిక పట్టు. గీ ఒక్క చీర గీసియ్యి. గా కోస్గి పిలగాడు మంచోడు. నువ్వు గిట్ల పడిపోతుంటే నేనేమని ఒప్పుకోవాలె? గాయిన మాట నిలబెట్టు. నా మొకం నిలబెట్టు."

బావా, బరకత్ లేదన్నదీ ఈయనే, గాజు గ్లాసు ఇప్పించిందీ ఈయనే, లోపల కోరుకున్నది మాత్రం నువ్వు గెలవాలనే. రోజూ తన తల ఎండకు వదిలేసి, తన చల్లదనమంతా నా డబ్బాకు ఇచ్చాడు. నీ సంబంధాన్ని నిలబెట్టడానికి ఎంత కష్టపడ్డాడో, అంత కష్టానికే అది కూలిపోబోయింది.

ఆసు వెనక నాకు తుమ్ము వచ్చింది. బాపు తిరిగి చూశాడు. రుమాలు చటుక్కున లాగి, "ఆరబెట్టిన. తడిసింది" అన్నాడు. అప్పటికి నెలన్నరగా మా ఊళ్లో చుక్క వాన పడలేదు.

కార్డుకు గాలి ఎందుకు కావాలో చెప్పాను. నేసేవాడికి ఉదాహరణ దొరకడం కష్టమా? "బాపూ, నువ్వు మగ్గంలో కూర్చున్నప్పుడు కంబళి కప్పితే నేస్తావా?" అన్నాను. చేతిలోని రుమాలును అటూ ఇటూ తిరగేసి చూసుకున్నాడు. చివరికి "గట్లనా" అన్నాడు. పోయి టేబుల్ ఫ్యాన్ తెచ్చి దాని వైపు తిప్పి పెట్టింది ఆయనే.

బొమ్మ పూర్తయింది. అంచు, కొంగు, మడతలు, అన్నీ. బాపు కళ్లద్దాలు పెట్టుకుని ముందు నుంచి చూశాడు, పక్క నుంచి చూశాడు, తెర వెనక్కి పోయి కూడా చూశాడు. "అంచు జర లావైంది" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద పొగడ్త నేను వినలేదు. ఈ రోజు పొద్దున నూలుకు కట్లు మొదలుపెట్టాడు.

విజేందర్ సంగతి కూడా తేలింది. తను అమ్మిన చిరుతను ఏమైనా అంటున్నామేమో కనుక్కుందామని వచ్చాడు. ఎండన పడి వచ్చాడని అవ్వ అతనికీ ఒక రుమాలు ఇచ్చింది. రెండు వేళ్లతో పట్టుకుని, "ఏందవ్వా గీ కంపు" అన్నాడు. అవ్వ రుమాలు తీసుకుని మడతపెట్టి లోపల పెట్టింది. ఆ తర్వాత అతనికి చాయ్ వచ్చింది స్టీలు గ్లాసులో.

నువ్వు మాత్రం అవ్వ రుమాలును తలకు చుట్టుకుని కొట్టులో కూర్చున్నావని చెప్పాను. అవ్వ చట్టం సవరించింది. వచ్చే ఆదివారం నువ్వు గడప తొక్కొచ్చు. ఫోన్ల మీద నిషేధం మాత్రం ఉంది. "ఉత్తరాలు మంచిగున్నయ్, నాకు పొద్దు పోతాంది" అంది.

కంపెనీల సంగతికి వస్తే, బాపు ఇప్పుడు పరమ గరుడ భక్తుడు. చెట్టు కింది కట్ట మీద కూర్చున్నవాళ్లందరికీ గరుడ తప్ప కొనొద్దని చెబుతున్నాడు. చిరుతను పడగొట్టింది కూడా నీ రుమాలే కదా బాపూ అంటే, "చిరుత ఒక్కపారి పడ్డది. గరుడను నేను ఎన్నిపార్లు సంపినా మల్ల లేసింది. గదీ కంపెనీ అంటే" అన్నాడు. నీ కొట్టుకు ఇంతకంటే మంచి బోర్డు నువ్వు కూడా రాయించలేవు.

కప్పింది బాపు అన్న సంగతి నీకు రాయొద్దని ఆయన ఆజ్ఞ. కాబట్టి నేను రాయలేదు, నువ్వు చదవలేదు. పంపేముందు ఇంట్లో గట్టిగా చదివి వినిపించడానికి వేరే ఉత్తరం రాశాను. అందులో నేరమంతా పిల్లి మీద వేశాను.

డబ్బాలో ఈసారి కార్డు లేదు. రొట్టె, బెల్లం కలిపి అక్క చేసిన మలీద ముద్దలున్నాయి. ఐలేశమన్న డబ్బా బరువు చూసి, వాసన చూసి, "డిశ్చార్జ్ చేసిన్రా?" అని నవ్వాడు.

ఇట్లు,
చల్లటి తలతో, చల్లటి కార్డుతో
నీ బామ్మర్ది సాయికిరణ్

తా.క. 1: అక్క చెప్పమంది, మామూలుగా.

తా.క. 2: రుమాలు ఖాళీగా ఉంటే బాపుకు తోచడం లేదు. నిన్నటి నుంచి మా ఫ్రిజ్ వెనక భాగం కాలిపోతోంది, లోపల నీళ్లు చల్లబడటం లేదు. ఆ కంపెనీవాళ్లకు ఉత్తరం రాద్దామని కాగితం తీశాను గానీ, ముందు ఆసు వెనక కూర్చుని చూసి వస్తాను.